నైలాను కయిరు

దేవేంద్రన్ రాసిన పుస్తకం సినిమాగా వస్తోందని తెలిసిన నాటి నుంచి మణవాళనగర్‌లో కాంచనకు నెమ్మదిగా ఇడ్లీలు అమ్ముకునే భాగ్యం పోయింది. స్టేషనుకు పరుగెత్తేవాళ్లు కూడా పొట్లం అందుకుంటూ ఆగి, "అక్కా, సినిమాలో నీ వేషం ఎవురు కడతావుండారు?" అని అడగడమే. "నాకేం తెల్సు, సాంబారు పోసేదా వొద్దా" అని ఆమె కసురుకోవడమే. తిరుత్తణిలో కాపురమున్నప్పుడు పెరుమాళ్ ఎదురైతే రోడ్డుకు అవతలి పక్కన నడిచినవాళ్లు ఇప్పుడు వెతుక్కుంటూ వచ్చి అతని భుజం మీద చెయ్యేసి ఫోటోలు దిగుతున్నారు. అక్కడ అతణ్ని గడప తొక్కనివ్వని సుందరవల్లి అత్త ఇక్కడిదాకా వచ్చి, వీధిలో అందరికీ వినపడేలా, "మా పెరుమాళ్ మనసు వెన్న, నాకు అప్పుడే తెల్సు" అంది. ఎప్పుడు తెలిసిందో మరి. వాకిట్లో వాంతి చేసుకున్నాడని మొహాన బకెట్టు నీళ్లు కుమ్మరించిన రోజున తెలిసిందేమో.

పెరుమాళ్ కాంచన మొగుడు. దేవేంద్రన్ ఆమె తోడబుట్టిన తమ్ముడు, తిరువళ్లూరులో ఒక బడిలో తమిళ అయ్యవారు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, రాసేదీ చదివేదీ తమిళం. బావ తాగి మురిక్కాలవ పక్కన పడివున్న కాలంలో ఈ మహానుభావుడు ఆ వీధి మొహం చూడలేదు. బావ మానేసి మనిషయ్యాక మాత్రం ఆదివారం ఆదివారం వచ్చి, అక్క పెట్టిన ఇడ్లీలు తింటూ, బావ చెప్పిందంతా ఫోనులో పట్టుకుని పుస్తకం అచ్చేసుకున్నాడు. దానికి సభలు జరిగాయి, శాలువలు పడ్డాయి. శాలువ కప్పించుకునేటప్పుడు వాడు పెట్టే మొహం చూస్తే, తాగిందీ వాడే మానిందీ వాడే అనుకుంటారు ఎవరైనా.

ఆ పుస్తకానికి ప్రాణమంతా ఒక కయిరులో ఉంది. తిరుత్తణి చుట్టుపక్కల తాగేవాళ్ల లోకంలో కయిరుకు ఉన్న మర్యాద కన్నతల్లికి కూడా లేదు. మురుగన్ కొండ కింద, బజారు దాటాక, చిన్న మునీశ్వరుడి గుడి ఒకటుంది. తాగుడు మానదలచుకున్నవాడు, అంటే పెళ్లాం మాన్పించదలచుకున్నవాడు, అక్కడికి పోతే పూజారి మునెయ్య పసుపు పూసిన నూలుతాడు మణికట్టుకు కడతాడు. అదే కయిరు. అది చేతికి ఉన్నన్నాళ్లూ చుక్క ముట్టకూడదు. కోసేస్తే సామి కళ్లు పోగొడతాడు. దానంతటదే చివికి ఊడిపోతే మాత్రం సామే విడిచిపెట్టినట్టు లెక్క. ఆ సాయంత్రమే దర్జాగా పోయి తాగొచ్చు. సామే వదిలేశాక పెళ్లానిదేముంది, ఆమె నోరెత్తకూడదు.

ఇంత మంచి చట్టం చేతికి చిక్కితే మగవాళ్లు ఊరుకుంటారా? సున్నపునీళ్లలో నానబెట్టేవాడొకడు. బండరాయి మీద చేతులు రుద్ది కడుక్కునే శుభ్రం హఠాత్తుగా అలవాటయ్యేవాడొకడు. వరదయ్య అనే పెద్దమనిషి కయిరుకు శనగనూనె పట్టించి, ఎలకలు కొరుకుతాయని బియ్యం మూట పక్కన చెయ్యి చాపి పడుకున్నాడు. ఎలక కయిరును వదిలేసి వేలు కొరికింది. ఇంజెక్షన్లు చేయించుకుని కూడా సామి పరీక్ష పెట్టాడని చెప్పుకు తిరిగాడు తప్ప సిగ్గుపడలేదు.

పెరుమాళ్ అప్పుడు తిరుత్తణిలో మగ్గం నేసేవాడు. అతను కయిరును మగ్గం నిట్టాడ గుంజకే రుద్దేవాడు. పడుగు సరిచేస్తున్నట్టు వంగి, ఒక పక్క కూనిరాగం తీస్తూ రుద్దేవాడు. కట్టించిన ప్రతిసారీ ఏదో ఒక పండగ ముందర ఊడేది. ఊడిన కయిరును కళ్లకద్దుకుని, "సామి చిత్తం" అని చొక్కా తొడుక్కుని బయల్దేరేవాడు. ఆ భక్తి చూసి కాంచనకు చెప్పు తీయాలనిపించేది.

అందుకే ఒక ఏడు ఆడికృత్తిక పండగకు ముందు కయిరు ఆమే తయారు చేసింది. ఆమే నేతింటి ఆడపిల్లే కదా, దారం సంగతి ఆమెకు ఎవరూ నేర్పనక్కర్లేదు. మగ్గంలో నాడెను అటూ ఇటూ లాగే నైలాను తాడు ముక్క తీసుకుని, పేటలుగా విప్పి సన్నగా పేని, పైన నూలు దారం దగ్గర దగ్గరగా చుట్టి, పసుపులో ముంచి ఆరబెట్టింది. "కొండ మీద సామి పాదాల కాడ పెట్టి తెచ్చినాను, ఇదే కట్టు మామా" అని మునెయ్యకు అబద్ధం చెప్పింది. మునెయ్య కట్టాడు. పెరుమాళ్ యథాప్రకారం నిట్టాడకు రుద్దాడు. పండగ వచ్చింది, పోయింది. ఇంకో పండగ వచ్చింది. కయిరు ఊడలేదు.

ఆ మొదటి రోజుల్లో జరిగింది ఏ పుస్తకంలోనూ రాయదగ్గది కాదు. చేతులు వణికాయి, చెమటలు పట్టాయి, గోడల మీద జెర్రులు పాకుతున్నాయని అరిచాడు. గవర్నమెంటు ఆస్పత్రిలో మాత్రలిచ్చారు. కాంచన గంజి తాగించింది, తాగింది కక్కితే తుడిచింది, తలుపుకు లోపలి నుంచి తాళం వేసి తాళంచెవి రవికలో పెట్టుకుంది. పాత స్నేహాలు దూరమవుతాయని కాపురం మణవాళనగర్‌కు మార్చింది. అతను పట్టాభిరామ్‌లో ఒక చిన్న కంపెనీలో లేతు మిషను మీద పని నేర్చుకున్నాడు. ఏళ్లు గడిచాయి. కయిరు మీది నూలు చివికి లోపలి నైలాను కనపడబోయినప్పుడల్లా, అతను నిద్రపోతుండగా పక్కన కూర్చుని ఊపిరి బిగబట్టి కొత్త నూలు చుట్టేది. ఇది ఒట్టి మగ్గం తాడని తెలిసిన మరుక్షణం ఈ మనిషి మళ్లీ కాలవ పక్కకు పోతాడని ఆమె నమ్మకం. ఆ భయంతో ఆమె ఒక్క రోజూ ఒళ్లు మరిచి నిద్రపోలేదు.

ఇదంతా తెలియని దేవేంద్రన్, కయిరు ఏళ్ల తరబడి చివకకపోవడం చూసి పరవశించి, పుస్తకంలో దాన్ని మహిమ చేశాడు. కథానాయకుడు తాగుడు ఆపలేక కయిరును కర్పూరం మంటలో పెడితే అది అంటుకోదు. అతను బోరుమని ఏడుస్తాడు. అంతే, మానేస్తాడు. గంజీ లేదు, కక్కూ లేదు.

సినిమావాళ్లు ఆ మాత్రం మునీశ్వరుణ్ణి కూడా ఉంచలేదు. ఆయన మరీ చిన్న దేవుడట. కయిరు కట్టే ఘట్టాన్ని కొండ మెట్ల మీదికి, మురుగన్ సన్నిధికి మార్చారు. డైరెక్టరు గోకుల్ అనే కుర్రవాడు. అందరికీ చేతులు జోడిస్తాడు, ఎవరి మాటా వినడు. కాంచన ఒకసారి తమ్ముణ్ణి అడిగింది.

"తాగేది ఎంతసేపు చూపిస్తావుండారు?"

"ఇంటర్వెల్ దాకా అక్కా. రెండు పాటలుండాయి."

"మానేది?"

"క్లైమాక్స్‌లో వస్తాది. మాంటేజ్ అక్కా, బలే టచింగ్‌గా ఉంటాది."

పాటలు పాడుతూ తాగాడా పెరుమాళ్? చెంచా గంజి మింగడానికి ఏడ్చినవాడికి పాటలు. కాంచనకు ఒళ్లు మండిపోయింది గానీ, సరే, వాళ్ల సినిమా వాళ్ల ఇష్టం, మనిషి బాగున్నాడు, అది చాలుననుకుంది.

అప్పుడొచ్చింది అసలు గొడవ. బారు సీనులో వెనక బల్ల దగ్గర పెరుమాళ్ కూర్చుని ఒక గ్లాసు ఎత్తాలట. నిజం మనిషి తెర మీద ఒక్క క్షణం కనపడితే చూసేవాళ్లకు వెంట్రుకలు నిక్కపొడుచుకుంటాయని గోకుల్ అభిప్రాయం. గ్లాసులో కోలాయే పోస్తారట. మొహానికి పౌడరు పూస్తామంటే పడిపోని మగవాడు ఇంకా పుట్టలేదు. పెరుమాళ్ కంపెనీకి లీవు పెట్టాడు. కాంచన అంగడికి తాళం వేసి అతని వెంట బయల్దేరింది.

తిరుత్తణి బయట ఒక పాత రైసుమిల్లును బారుగా మార్చారు. నిండా ఆరోగ్యంగా ఉన్న హీరోకు కళ్ల కింద మసి పూసి తాగుబోతును చేస్తున్నారు. ఒక్కో వెంట్రుకా చెదిరేలా దువ్వడానికి ఒక మనిషి. కాంచన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఈ వైభవం చూస్తుండగా, బట్టల సంగతి చూసే జెనిఫర్ అనే పిల్ల పెరుమాళ్ దగ్గరికొచ్చి, "అంకుల్, ఈ సీన్‌లో కయిరు హీరో ఒక్కడి చేతికే ఉండాలి. దీన్ని తీసేయాలి" అంది.

పెరుమాళ్ వద్దంటాడనుకుంది కాంచన. అతను చెయ్యి చాపాడు. పిల్ల ముడి విప్పబోయింది, రాలేదు. కత్తెర తెచ్చింది. "ఏంది అంకుల్ ఇంత గట్టిగా ఉంది" అంటూ నాలుగు పక్కల నుంచీ కొరికించి, కాంచన "ఆగు పాపా" అని లేచేలోపల తెంచేసింది. ఏళ్లుగా ఎండ తగలని చోట మణికట్టు చుట్టూ తెల్లటి చార మిగిలింది.

దేవేంద్రన్ పరుగున వచ్చి ఆ ముక్కను రెండు చేతులా అందుకున్నాడు. కళ్లకద్దుకుని డైరెక్టరు దగ్గరికి తీసుకుపోయి, "సార్, ఇదే ఒరిజినల్" అన్నాడు. గోకుల్ దాన్ని తిప్పి తిప్పి చూశాడు. మంటలో కాలని ఘట్టానికి క్లోజప్‌లో దీన్నే వాడదామన్నాడు. మంట దగ్గర పెడితే కెమెరాకు ఎలా కనపడుతుందో చూద్దామని ఎవరి దగ్గరో లైటరు తీసుకుని కొన కింద వెలిగించాడు.

పైని నూలు చప్పున మండి బూడిదైంది. లోపలిది ముడుచుకుపోయి, కరిగి, నల్లటి బొట్టుగా గోకుల్ బూటు మీద పడింది. ప్లాస్టిక్ కాలిన కంపు మిల్లంతా కొట్టింది.

మగ్గాలున్న ఇళ్లలో దారం కొన కాల్చి చూడటం చంటిపిల్లలకు కూడా తెలుసు. నూలు బూడిదవుతుంది, పట్టు వెంట్రుక కాలిన వాసన కొడుతుంది, నైలాను కరిగి ముద్దవుతుంది. అది దేవేంద్రన్‌కు తెలుసు. పది అడుగుల అవతల కుర్చీలో కూర్చుని చూస్తున్న పెరుమాళ్‌కూ తెలుసు. అయిపోయింది, ఇన్నేళ్ల కాపలా ఒక్క లైటరుతో అయిపోయింది అనుకుంది కాంచన.

"ఇది నైలాన్ కదా సార్?" అన్నాడు గోకుల్ తమిళంలో.

"కాదు సార్, పట్టు కలిసిన నూలు. పాతకాలపు రకం" అన్నాడు దేవేంద్రన్. అబద్ధమాడటానికి కూడా తెలివుండాలి. ఆ కంపు పట్టుదని చెప్పడానికి ఆ అయ్యవారికి నోరెలా వచ్చిందో. అబద్ధం ఆడేసి, అక్క వైపు ఒక చూపు చూశాడు. చూసి, అర్థం చేసుకుని, తల తిప్పుకున్నాడు.

గోకుల్ మాత్రం తెలివైనవాడే. కాంచన మొహం చూసి మొత్తం పసిగట్టేశాడు. వాడి కళ్లు వెలిగిపోయాయి. "అక్కా, మీరేనా చేసింది? సూపర్ అక్కా. భార్య చేసిన మోసం! సార్, దీన్ని ఇంటర్వెల్‌లో పెట్టేద్దాం" అన్నాడు. దేవేంద్రన్ ఎర్రబడిపోయాడు. పుస్తకంలో లేనిది సినిమాలో పెడితే ఒప్పుకోనన్నాడు, పాఠకులు తనను ఏమనుకోవాలన్నాడు. ఇద్దరూ అక్కడే వాదనకు దిగారు. మహిమా, మోసమా, ఏది ఎక్కువ ఆడుతుంది? పక్కన ఒక మనిషి బోసి మణికట్టుతో కూర్చుని ఉన్నాడనీ, సాయంత్రానికి అతను ఏమవుతాడోననీ ఆ ఇద్దరు మేధావుల్లో ఒక్కడికీ తోచలేదు.

లైట్లు సిద్ధమయ్యాయి. పెరుమాళ్‌ను పిలిచారు. అతను పోయి వెనక బల్ల దగ్గర కూర్చుని, చెప్పినట్టే గ్లాసు ఎత్తి తాగాడు. కోలాయే. అయినా ఆ చెయ్యి ఏదీ మరిచిపోలేదు. వేళ్లు గ్లాసును పట్టుకున్న తీరు చూసి కాంచన కళ్లు మూసుకుంది. గోకుల్ చప్పట్లు కొట్టాడు. వెళ్తూ వెళ్తూ, "సాయంత్రం లాడ్జిలో చిన్న పార్టీ అన్నా, మీరూ రావాలి" అన్నాడు. తాగుడు మానిన కథ తీసేవాడు తాగుడు మానినవాణ్ణి పార్టీకి పిలిచాడు. వాడి దృష్టిలో అది మర్యాద.

పెరుమాళ్ మొహం కడుక్కుని జనరేటరు బండి వెనకకు వచ్చాడు. కాంచన అక్కడ నిలబడి ఉంది. ఏం చెప్పాలో తోచక తిన్నగానే చెప్పేసింది.

"నేనే పేనినాను మామా. సామిది కాదది. నువ్వు తిట్టినా సరే, కొట్టినా సరే. తాగొద్దు."

"నాకు తెల్సు" అన్నాడు పెరుమాళ్.

"ఇప్పుడు తెల్సింది. అది కాదు నేను..."

"ఇప్పుడు కాదు. కట్టిన వారానికే తెల్సు. నూలైతే తలకు పోసుకుంటే నీళ్లు తాగి బరువెక్కతాది. అది ఎక్కలేదు. రుద్దితే లోపల మెరిసింది. మగ్గం గుంటలో పెరిగినోణ్ని, నాడెతాడు నాకు తెలీదా కాంచనా?"

కాంచన అతని మొహంలోకి చూసింది. అబద్ధం కాదు.

"అట్లయితే నేను నూలు చుట్టేటప్పుడు?"

"మేలుకోనే ఉంటావుంటి. కళ్లు మూసుకోనుంటి."

ఆమె చేతులు ఎంత వణికేవో, దారం ఎన్నిసార్లు జారిపోయేదో, అతను కదిలితే ఎలా కొయ్యబారిపోయేదో, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఆ వణుకంతా ఈ మనిషి కళ్లు మూసుకుని తన చేతి మీద అనుభవిస్తూ పడుకున్నాడు.

"నాకెందుకు చెప్పలా?"

పెరుమాళ్ తెల్ల చారను బొటనవేలితో రుద్దుకున్నాడు. సిగ్గుపడుతున్నాడు, నిజమే చెబుతున్నాడు.

"చెప్తే నువ్వు భయపడేది మానేస్తావు. నువ్వు భయపడతా ఉంటే నాకు ధైర్యంగా ఉండింది. నువ్వొకదానివి మేలుకోనుండావు కదా అని నేను నిద్రపోతావుంటి. ఆ కయిరు లేదు, సామీ లేదు. నీ భయమే నన్ను నిలబెట్టింది. ఇదే నిజం."

బహుశా అతను దీన్ని గొప్ప మాటగానే చెప్పాడు. దేవేంద్రన్ విని ఉంటే అప్పుడే రాసుకునేవాడు. కాంచనకు మాత్రం అది గొప్పగా వినపడలేదు. తాగినన్నాళ్లూ తాగి ఆమె నిద్ర చెరిచాడు. మానేశాక మానేసి చెరిచాడు. ఒక్క మాట, ఒక్క మాట చెప్పి ఉంటే ఇన్నేళ్లూ ఆమె మనిషిలా పడుకుని లేచేది. చెప్పలేదు. ఎందుకంటే అతనికి ధైర్యంగా ఉండిందట.

"బాగుంది మామా" అంది. "సారాయి వొదిలేసి నన్ను పట్టుకున్నావు."

"అట్లా కాదే..."

"అట్లే."

ఆమె సంచి భుజానికి తగిలించుకుంది. పెరుమాళ్ మొహం మారింది.

"యాడికి? ఇంకో షాటుందంట. సాయంత్రం పార్టీ అంటావుండారు. ఉండు, కలిసే పోదాము. నువ్వుండు కాంచనా."

మానేశాక మొదటిసారి అతని గొంతులో భయం వినపడింది. ఇంకో రోజైతే ఆ గొంతుకు ఆమె కరిగిపోయేది. ఈ పూట ఆమెకు జాలి రాలేదు, అసహ్యమూ రాలేదు. ఒళ్లంతా అలసట వచ్చింది. ఇంకో కయిరు పేనాలన్న ఆలోచన కూడా రాలేదు.

"ఉండదలిస్తే ఉండు. పోదలిస్తే పో. నాకు రైలుకు టైమైంది" అని, వాదులాడుకుంటున్న తమ్ముణ్ణీ డైరెక్టర్నీ దాటుకుని రోడ్డెక్కి ఆటో పిలిచింది.

రైల్లో కిటికీ పక్కన చోటు దొరికింది. అరక్కోణం దాటినట్టు లీలగా తెలుసు. ఆ తర్వాత ఏదీ తెలియదు. తల కిటికీ ఊచకు ఆనించి, నోరు కాస్త తెరుచుకుని, సంచి ఒళ్లోంచి జారి కాళ్ల మీద పడినా తెలియనంత నిద్ర పోయింది. దిగవలసిన తిరువళ్లూరు వచ్చింది, పోయింది. కంపెనీల్లో షిఫ్టు ముగించుకున్న జనం తోసుకుంటూ ఎక్కి గోల చేస్తే మెలకువొచ్చింది. బోర్డు చూస్తే పట్టాభిరామ్. కంగారుగా దిగింది. చుట్టూ ఇంకా వెలుతురుగానే ఉంది. తల తేలిగ్గా ఉంది, మెడ మాత్రం పట్టేసింది.

సంచిలో ఫోను మోగుతోంది. అప్పటికే చాలాసార్లు మోగినట్టుంది.

"యాడుండావే?" అన్నాడు పెరుమాళ్. "నీ వెనకాలే బస్సెక్కి ఇంటికొచ్చినాను. చూస్తే తాళం. ఎన్నిసార్లు చేసినా తియ్యవు. నాకు ఈడ ప్రాణం పోతావుంది."

"పట్టాభిరామ్‌లో."

"ఆడికెందుకు పోయినావు? మా కంపెనీలో నా గురించి అడిగేదానికా?"

"రైల్లో నిద్రపోయినా. దిగేచోట దిగలా."

అతను ఎదురుచూస్తున్నాడని ఆమెకు తెలుసు. తర్వాత ఆమె నోట ఏ ప్రశ్న రావాలో ఇద్దరికీ తెలుసు. కాంచన ప్లాట్‌ఫారం మీద ఖాళీ బల్ల చూసుకుని కూర్చుని, మెడ అటూ ఇటూ తిప్పుకుంది.

"కాంచనా" అన్నాడు చివరికి తనే. "నేను పార్టీకి పోలా. చుక్క తాగలా."

"నేను అడగలా కదా మామా" అంది కాంచన.